జేబుకత్తుల చరిత్రము: పాతచాకు, క్రొత్తచాకు

మన సంఘీయులలో ననేకులు నిత్యము రెండేసి చాకులను జేబున ధరించుట మేము చూచుచున్నాము. అందొకటి తాతలనాటి మాదిరి మడతచాకు. దాని పిడి కొమ్ముదో కట్టెదో యై యుండును. అలుగు వాడుకచే నల్లబడియుండును. రెండవది నేటి యంత్రశాలలనుండి వచ్చినది. త్రుప్పుపట్టని యుక్కు, ఒంటిచేత తెఱచుటకు వీలు, తెఱచిన పిమ్మట మడుగకుండ బంధించు తాళము, జేబుటంచున దగిలించుకొనుటకు కొక్కెము, ఇవి దాని లక్షణములు. మనుష్యునకు రెండు చేతులేకాని రెండు చాకు లేలయని పరిహసించువారు లేకపోలేదు. ఆ పరిహాసమునకు చరిత్రమునందే ప్రత్యుత్తరము గలదని మాకు దోచినందున, ఈ వార్షికసంచికయందు నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి. ఇనుమును కాచి సాగగొట్టి బ్రదికిన వంశములలో బుట్టినవారమగుటచే నీ విషయము మనకు వినోదమాత్రము గాదు.

మడతచాకు నిన్న మొన్నటి వస్తువు కాదు. ఆస్ట్రియాదేశమున ఉప్పుగనులకు ప్రసిద్ధికెక్కిన హాల్‌స్టాట్ అను గ్రామమున దొరకిన యెముకపిడి మడతకత్తి క్రీస్తునకు పూర్వము 6 వ శతాబ్ది ప్రాంతముదని పండితు లెంచుచున్నారు. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరపు ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలో రోమకులనాటి పరికర మొకటి గలదు. క్రీ. శ. 3 వ శతాబ్దికి చెందిన యా వెండిపిడిలో అలుగు, గరిటె, ముండ్లగరిటె, ముల్లు మొదలగునవి మడిచి యిమిడ్పబడినవి. నేటి స్విట్జర్లాండు చాకును జూచి మానవబుద్ధి కిదియే మొదటి ఫలమని మురియువారు దీనిని జూచిన కొంచెము తగ్గుదురు. అయితే యా కాలపు చాకులకు తాళము లేదు, కమాను లేదు. అలుగును పిడిలో నిలుపునది శీలయొక్క బిగువు మాత్రమే.

కమాను వచ్చినది 17 వ శతాబ్దిలో. ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున పిడి వీపున ఉక్కుపట్టీ నొకదానిని బిగించి, అలుగు తోకమీద నది యొత్తుచుండునట్లు చేసిరి. తెఱచినను మూసినను అలుగు టక్కుమని తన స్థానమున గూర్చుండును. వ్రేలితో గట్టిగా నొత్తిన మడుగును. ఇది పూర్తి తాళము గాదు, పూర్తి వదులును గాదు. పనివానికి దన చేతిబలము నెట్లు వాడవలయునో యా కమానే నేర్పుచుండెను. 1624 వ సంవత్సరమున షెఫీల్డు కత్తులవారు పార్లమెంటు శాసనముచే నొక సంఘముగా నేర్పడిరి. ఆ సంఘముయొక్క ముఖ్యకార్యములలో నొకటి ఒక్కొక్క పనివానికి నొక్కొక్క ముద్రను నిర్ణయించి, దానిని పుస్తకమున నెక్కించి, యితరులు దొంగిలింపకుండ గాపాడుట. ఈ ముద్రలమాట పాఠకులు జ్ఞాపకమం దుంచుకొన గోరుచున్నాము. ముందు దీనితో బనియున్నది.

ఆ పట్టణపు వైభవమునకు వెనుక దుఃఖమును గలదు. పొడిరాతిపై సానపట్టువారి యూపిరితిత్తులలో రాతిధూళియు నినుపరజనును జేరి, నడివయస్సు రాకమునుపే యనేకులు దగ్గుతో మడియుచుండిరి. 1822 వ సంవత్సరమున జోసెఫ్ రోజర్సు సంస్థవారు ఆ సంవత్సరపు సంఖ్యకు సరిగా 1822 అలుగులు గల చాకును నిర్మించి లోకమునకు జూపిరి. కలకత్తా బొంబాయి నగరములలో శాఖలు నెలకొల్పి, మన బజారులలో తమ చాకులను నింపినదియు నట్టి షెఫీల్డు సంస్థలే. 1822 అలుగుల చాకును మెచ్చువారు దానిని సానపట్టినవాని దగ్గును గూడ నొకింత తలచుకొనుట న్యాయము.

ఇంగ్లీషున చిన్న చాకునకు 'పెన్ నైఫ్', అనగా కలముకత్తి, యను పేరెట్లు వచ్చెనో యెఱిగినవారు నేడు కొలదిమంది. పూర్వ మచట హంసలయు బాతులయు నీకలను చెక్కి కలములు చేసికొనుచుండిరి. వ్రాయగా వ్రాయగా నీకమొన మొద్దువాఱును, మరల చెక్కవలయును. కావున వ్రాయసకానికి చాకు విడువరాని తోడయ్యెను. 19 వ శతాబ్ది పూర్వార్ధమున బర్మింగ్‌హాం నగరపు ఉక్కుపాళీలు వ్యాపించిన పిమ్మట నీకలు పోయినవి కాని పేరు నిలిచినది. తరువాత పెన్సిలు దానికి మరల నొక పని కల్పించెను.

ఇట్టి సంబంధమే మన దేశమునను గలదు. తాటియాకుపై వ్రాయువానికి ఘంట మొక్కటి చాలదు. ఆకును కొలతకు సరిగా గోయవలయును. అంచులను సమము చేయవలయును. నడుమనున్న యీనెను దీయవలయును. ఇందుకు చిన్న కత్తి కావలయును. అందుచే దక్షిణదేశమున ఘంటమును కత్తియు నొకే పిడికి గూర్చిన పరికరములు పుట్టినవి. వానిలో గొన్నిటికి ఒక కొనను ములుకు, వేఱొక కొనను అలుగు. మఱికొన్నిట రెండును పిడిలోనికి మడుగును. ఇత్తడి పిడులు, దంతపు పిడులు గలవి నేటికిని ప్రదర్శనశాలలయందు గానవచ్చుచున్నవి. ఈ ములుకును ఈ యలుగును కాచి కొట్టినవాడు కమ్మరి. పిడికి ఇత్తడి పోతపోసినవాడు కంచరి. కవి పేరు గ్రంథాంతమున నుండును, లేఖకుని పేరును గద్యమున నుండుట గలదు. ఘంటము చేసినవాని పేరు మాత్ర మెచ్చటను లేదు. 'చాకు' అను మాట పారసీకమునుండి హిందుస్థానీ ద్వారా మన భాషకు వచ్చినదే కాని, వస్తువు మనకు గొత్తది కాదనుట కీ ఘంటపుకత్తులే సాక్ష్యము.

ఇక ఉక్కుసంగతి. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము పేరు పాఠకులలో గొందఱైన వినియుందురు. అచట మట్టిమూసలలో నినుమును, బొగ్గునిచ్చు పదార్థములను నుంచి, నోరు మూసి, కొలిమితిత్తులతో నహోరాత్రములు కాచి, ఉక్కుముద్దలు దీయుచుండిరి. పారసీకమందలి ఇస్‌ఫహాను నగరపు వర్తకులు అచటికి వచ్చి నిలిచి, ముద్దలను తమకన్నుల యెదుట తూచి కొనిపోవుచుండిరని భూగర్భశాస్త్రజ్ఞుడగు హెన్రీ వాయిసీ కన్నులార జూచి వ్రాసెను. ఆయన 1824 లో గతించెను. ఆ వ్రాత 1832 లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. 'ఉక్కు' అను మన మాటయే ఐరోపావారి నోట 'వూట్జు' అయినదని పలువురి యభిప్రాయము.

1794 ప్రాంతమున బొంబాయినుండి డాక్టరు హెలెనస్ స్కాటు ఈ యుక్కుముద్దలను లండనునందలి రాయల్ సొసైటీ యధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్సునకు బంపెను. జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి 1795 లో తన వ్యాసమును సొసైటీకి సమర్పించెను. ఆ సందర్భముననే అధ్యక్షుని కోరికపై జేమ్సు స్టోడార్టు అను కత్తులవాడు అందొక ముక్కను దీసికొని సాగగొట్టెను. అతడు దానితో చేసిన వస్తువేది? ఖడ్గము గాదు, బాకు గాదు, ఒక కలముకత్తి! ఆ యుక్కు ఎక్కువ వేడికి నిలువదు. ఎఱ్ఱగా గాచి కొట్టిన పగులును. కావున చీకటిలో మాత్రమే కనబడు మందమగు నెఱుపువద్ద నోపికతో గొట్టవలసివచ్చెను. శ్రమపడినను ఫలము మేలయ్యెను. వాదర యుత్తమమైన యుక్కుకత్తి వాదరకు దీసిపోదనియు, ననేకకార్యములకు తమ దేశపు టుక్కులకంటె నిదియే శ్రేష్ఠమనియు స్టోడార్టు నిర్ణయించెను. పిమ్మట నతడు తన దుకాణపు ప్రకటనలయందు 'వూట్జు' పేరును ఘనముగా వేసికొనెను. ఆ స్టోడార్టుతో గలసి 1820, 1822 సంవత్సరములలో ఉక్కుమిశ్రమములపై పరిశోధనలు ప్రకటించినవాడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున జగద్విఖ్యాతుడైన యా మహనీయుడు ఒక కమ్మరి కుమారుడని వ్రాయుటకు మాకు సంతోషముగా నున్నది.

షెఫీల్డున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారములవాడు మూసలో ఉక్కు కరగించుట కనుగొన్నది 1740–50 నడుమ. మన దక్కనున మూస యుక్కు అంతకు ననేకశతాబ్దములకు బూర్వమే గలదు. ఐనను 19 వ శతాబ్ది చివరకు మన కొలుములు చల్లారినవి. షెఫీల్డు చాకు మన యంగళ్లకు వచ్చినది. దీనికి గారణములు పలువురు పలువిధముల జెప్పుదురు. 1856 లో బెస్సెమరు విధానము వచ్చి యుక్కు మిగుల చౌకయయ్యెను. 1878 అడవిచట్టముచే బొగ్గునకు వలయు కట్టె దుర్లభమయ్యెను. అదే సంవత్సరపు ఆయుధచట్టముచే ఖడ్గములు చేయువారికి గిరాకి పోయెను. ఇవి యన్నియు నిజములే. కాని మా యభిప్రాయమున నింకొక కారణము మన యింటిలోనే గలదు. దానిని మనవారు సాధారణముగా జెప్పరు.

ఊరి కమ్మరి ఆయగాండ్రలో నొకడు. కొడవలి మొద్దువాఱిన కాచి పండ్లు దీయుట, కఱ్ఱు సాగగొట్టుట, కత్తికి నీరుపట్టించుట అతని విధి. పంట నూర్చినపుడు కళ్లమున మేర గొనుట యతని హక్కు. ఈ యేర్పాటున మంచి యుండెను. కరవుకాటకములలో నూరును కమ్మరియు నొకరి నొకరు విడువకుండ నది కాపాడెను. కాని వస్తువునకు ధర లేదు. ధర లేనిచోట ముద్రకు బనిలేదు; ఊరిలో నందఱకును ఎవడు చేసెనో తెలియును గదా! షెఫీల్డు పనివాడు దన ముద్రను కాపాడుకొనుట కొక సంఘము పెట్టుకొనెను. మనవాడు దన యలుగుపై నొక గీటైన గీయడయ్యెను. ఊరి పొలిమేర దాటినంతనే మన కత్తి యనాథయై పోయెను. కోనసముద్రపు ముద్దకు పేరు వచ్చినదన్నను అది యా యూరికి వచ్చినదే కాని, కాచినవానికి రాలేదు.

ఇట్టి యాపద లితరదేశములవారికిని వచ్చినవి. వారేమి చేసిరో చూడదగును.

స్విట్జర్లాండునందలి ఈబాఖ్ గ్రామమున కార్ల్ ఎల్సెనర్ అను యువకుడు 1884 లో కత్తులదుకాణము దెఱచెను. ఆ దేశపు పల్లెలలో బనిలేక యువకులు పరదేశములకు వలసపోవుచుండిన కాలమది. సైనికుల కిచ్చు మడతచాకులు జర్మనీదేశపు సోలింగెన్ నగరమునుండి వచ్చుచుండుట జూచి, ఎల్సెనర్ తోడి కత్తులవారిని గూర్చి సంఘము నేర్పఱచి, 1891 లో స్వదేశీయులచే జేయబడిన చాకులను సైన్యమునకిచ్చెను. ఆ చాకున అలుగు, డబ్బామూతలు తెఱచు పరికరము, తుపాకిని విప్పుటకు తిరుగుడుచీల త్రిప్పు పరికరము, రంధ్రములు పొడుచు దబ్బనము ఉండెను. కాని సోలింగెన్ యంత్రశాలలు అంతకంటె చౌకగా నిచ్చినందున తోడివారు విడిచిపోయిరి. ఎల్సెనర్ ఋణములలో మునిగెను. బంధువుల సాయమున నిలిచి, 1897 జూన్ 12 వ తేదీన రెండే కమానులపై నాఱు పరికరములు నిలుచునట్టి తేలికచాకును శాసనరీత్యా నమోదు చేయించెను. దానికి 'అధికారుల చాకు' అని పేరు. సైన్యము దానిని గొనలేదు. అధికారులు దమ సొమ్ముతో గొనుకొనిరి. 1909 లో దన తల్లి మరణింపగా నామె పేరగు విక్టోరియాను సంస్థ కుంచెను. 1921 లో త్రుప్పుపట్టని యుక్కును వాడుటతో దానికి నైనాక్స్ అను మాట చేరి విక్టోరినాక్స్ అయ్యెను. ఒక్కపల్లె కత్తులవాడు దల్లిపేరును ప్రపంచపు జేబులలో నుంచిన వృత్తాంత మిది.

జపానుకథ మనకు మఱింత సన్నిహితము. 1876 లో నచటి ప్రభుత్వము సామాన్యముగా ఖడ్గధారణమును నిషేధించెను. తరతరములుగా ఖడ్గములు చేసినవారు పనిలేక యుండిరి. ఒసాకాకు పడమట నున్న మికి పట్టణము వడ్రంగి పనిముట్లకు బ్రసిద్ధమైనది. అచటి కమ్మరులు 19 వ శతాబ్ది చివరి దశాబ్దమున 'హిగోనోకామి' అను మడతచాకును చేయసాగిరి. ఇత్తడిరేకునో యినుపరేకునో మడిచిన పిడి; అందు కమాను లేదు, తాళము లేదు. అలుగు తోక బయటికి జొచ్చుకొని యుండును. దానిపై బొటనవ్రేలు నొక్కి పట్టినంతసేపు అలుగు నిలుచును. మేలిరకములలో గట్టియుక్కును మెత్తని యినుమునడుమ నతికి వాదర దీయుదురు. గొడ్డలికిని బాడిసకును మన కమ్మరి ఉక్కు వేయు విధమునకు నిది తోబుట్టువు. ఆ దేశమున బడిపిల్లలందఱును ఈ చాకుతో బెన్సిళ్లు చెక్కుకొనిరి, వెదురుబొమ్మలు చేసికొనిరి. 1960 అక్టోబరు 12 వ తేదీన టోకియోలో సోషలిస్టు నాయకుడగు అసానుమా సభావేదికపై కత్తిపోటుచే హతుడగుటతో దేశమంతట బిల్లలచేతినుండి కత్తులు దీసికొను నుద్యమము లేచెను. హంతకుడు వాడినది పొట్టిఖడ్గము. బలియైనది బడిపిల్లల చాకు. పెన్సిలు చెక్కు యంత్రములు మిగిలినపని చేసినవి. మికి పట్టణమున నెందఱో చేసిన యా చాకునకు హిగోనోకామి యను పేరును జట్టబద్ధముగా వాడ హక్కుగలది నేడు నాగావో వంశమువారి దుకాణ మొక్కటియే. ఒక్కటైన నిలిచినదనిన, వారు పేరును ముద్రను విడువకుండుటచేతనే.

ఇట్లు పాతచాకు లన్నిటను కమానో, ఉంగరమో, వ్రేలో అలుగును బట్టుకొనును. ఫ్రాన్సుదేశమున సవాయి ప్రాంతమందు 1890 లో జోసెఫ్ ఒపినెల్ చేసిన కట్టెపిడి చాకునకు దిరుగు నుంగరము గూడ 1955 లో గాని రాలేదు. క్రొత్తచాకుల యుగము దాని తరువాతిది. 1964 లో అమెరికాలోని బక్ సంస్థవారు వేటగాండ్రకొఱకు వీపుతాళము గల పెద్ద మడతచాకును విడుదలచేసిరి. 1981 లో స్పైడర్కో సంస్థవారు అలుగున గుండ్రని రంధ్రము పెట్టి బొటనవ్రేలితో దెఱచునట్లును, జేబుటంచునకు దగులునట్లు కొక్కెము గలదిగాను చేసిరి. తిమోతి లెదర్‌మన్ అను నమెరికా వాసి 1975 లో బాతకారులో ఐరోపా తిరుగుచు, జేబుచాకుతో కారు బాగుచేయజాలక, పట్టుకారు గూడ నుండిన బాగుండునని తలచి, ఎనిమిదేండ్లు శ్రమించి 1983 లో దన పరికరమును మార్కెట్టున కెక్కించెను. ఉక్కును మాఱినది. 1913 లో షెఫీల్డున హారీ బ్రేర్లీ త్రుప్పుపట్టని యుక్కును దీసినపుడు, కోయని కత్తులు కనిపెట్టినవాడని కత్తులవారే యాతని నవ్విరి. హంట్స్‌మన్ మూసయుక్కు మిక్కిలి గట్టియని మొదట కొననివారును వారే. నిపుణులు నవ్విన వస్తువునే పిమ్మట లోకము కొనుట యీ వృత్తిలో బలుమాఱు జరిగినది.

పాఠకులు చట్టమును గూర్చియు నెఱుగుట మంచిది. మన దేశపు ఆయుధచట్టము 1959 లోనిది. దాని నియమములలో 9 అంగుళములకు మించిన పొడవో, 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగుల కత్తులను పేర్కొనిరి. అందును ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు నుద్దేశించినవానిని మినహాయించిరి. ఇంగ్లండునందు 1988 చట్టముచే 3 అంగుళములకు మించని అలుగు గల మడతచాకును కారణము చెప్పకయే ధరింపవచ్చును. కాని తాళము గలదానికి ఈ మినహాయింపు వర్తింపదని న్యాయస్థానములు 1993 నుండి తీర్పుచెప్పుచున్నవి. అనగా తాతచాకు సాధువు, మనుమని చాకు దోషి! మొన్నటి వింతకంటె నిన్నటి వింత యే తక్కువ? 2001 సెప్టెంబరు 11 వ తేదీకి బూర్వము అమెరికా విమానములలో 4 అంగుళములలోపు చాకును ధరించి కూర్చుండవచ్చును. ఆ దినముతరువాత నచట నది వీలులేకపోయెను. విమానాశ్రయపు టంగళ్లలో నమ్ముడుపోవు స్విట్జర్లాండు చాకుల వ్యాపారము గొప్పగా దెబ్బతినెను. 2024 లో విక్టోరినాక్స్ వారే అలుగులేని పరికరమును చేయ యోచించుచున్నట్లు ప్రకటించిరి. ఉత్తరప్రదేశమునందలి రాంపూరున మాత్రము 2023 లో నిరువదియడుగుల చాకును కూడలియం దెత్తుగా నిలిపిరి. చలనచిత్రములు దుర్మార్గుని యాయుధముగా జూపిన రాంపురీ చాకును ఆ యూరివారు దమ పనివాండ్ర గౌరవముగా దలచుట మాకు నచ్చినది.

ఇక రెండు చాకు లేల? తాళముగల క్రొత్తది బలమునకు: పెట్టెకు గట్టిన ప్లాస్టిక్ పట్టీ తెంపుట, త్రాడు కోయుట, తడిచేత వాడుట, ప్రయాణమున నాపద. వ్రేళ్లమీద మడుగదు, తడిసినను చెడదు. పాతది నాజూకునకు: మామిడిపండు కోయుట, దర్భ తఱుగుట, పెన్సిలు చెక్కుట, పిల్లవానికి ఈతాకుతో బుడబుక్క చేసి యిచ్చుట. సన్నని వాదర గల యా బొగ్గుయుక్కు సానరాతిపై రెండు నిమిషములలో పదునెక్కును. పులుపు తగిలినంతనే నల్లబడును, తుడిచి యాముదపుచుక్క రాయవలయును. ఈ తుడుచుట, రాయుట, నూఱుట యను మూడు పనులలోనే కుఱ్ఱవానికి ఉక్కుయొక్క స్వభావము తెలియును. క్రొత్తచాకు పనిచేసిపెట్టును, పాతచాకు పని నేర్పును. కమ్మరియింట బుట్టియు కాలేజీ చదువులకు బోయిన మన బాలురకు ఇనుమెట్లు ఎఱ్ఱబడునో, నీటబడిన యలుగెట్లు వంగి నిలుచునో తెలియుటకు కొలిమి యింటనుండుట యరుదైనది. జేబున నుండు పాతచాకే వారికి మిగిలిన కొలిమి.

కావున పోషకులగు శ్రీమంతులకు మా విన్నపము: సన్మానములందు శాలువకు బదులో శాలువతో బాటో, మన పనివారు చేసిన మడతచాకు నొక్కొక్కటి యిచ్చు నాచారము బెట్టుడు. ధరను కోసికొనక యిచ్చుడు. కొలిమి యింకను వెలుగుచున్న సోదరులకు మా విన్నపము వేఱు: అలుగు తోకదగ్గఱ మీ పేరో, ఊరిపేరో, ఒక గుఱుతో తప్పక కొట్టుడు. రెండుమార్లు సుత్తెదెబ్బ, అంతకంటె నెక్కువ శ్రమ లేదు.

మఱియు, తాటియాకుల కట్టలతో బాటు ఇండ్లలో అటకలమీదను, మందసములలోను ఘంటపుకత్తులు, అడకత్తెరలు, పాత మడతచాకులు గలవారు వానిని రుద్ది మెఱుగుపెట్టక, ఉన్నవున్నట్లుగనే రాబోవు సభకు దెచ్చి ప్రదర్శనమున నుంపుదురుగాక. తెచ్చువారు ఆ వస్తువు ఏ యూరిది, ఎవరి యింట నెవరు వాడినది, చేసినవారి పేరు తెలిసినచో నదియును, ఒక చీటిపై వ్రాసి వస్తువునకు గట్టవలయును. రైలునో బస్సునో వచ్చువారు వానిని గుడ్డలో జుట్టి పెట్టె యడుగున నుంచుకొనుట మేలు. విమానమున వచ్చువారు చేతిసంచిలో నుంచుకొనరాదు.